మన్రో దొర కచేరి

దత్తమండలములలో ఒకప్పుడు తల్లిదండ్రులు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనెడివారు. ఇలవేలుపు పేరో, తాత పేరో పెట్టుకొను ఆచారముగల పల్లెలలో పరదేశీయుడైన ఒక పన్నుల అధికారి పేరు అట్లు నిలుచుట వింతయే. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి ఆయనకు మాత్రమే దర్శనమిచ్చి మాటలాడెననియు, గండి క్షేత్రమున కొండల నడుమ బంగారు తోరణము ఆయన కంటబడెననియు నేటికిని పెద్దలు చెప్పుదురు. ఆ కథల సత్యాసత్యములను తేల్చుట నా ఉద్దేశము కాదు. వానిని చెప్పుకొన్న ప్రజలు ఆయనయందు ఏమి చూచిరను ప్రశ్నయే నాకు ముఖ్యము. నాకు తోచినంతవరకు, వారు చూచినది కచేరిలో కూర్చున్న ఉద్యోగి తన నడవడికి ఒకరికి జవాబు చెప్పుకొనవలసి వచ్చిన ఒక కొద్దికాలమును. కాయకమునందు కల్మషము కూడదని చిన్ననాటినుండి వినుచున్న మన పాఠకులకు ఆ వృత్తాంతము రుచింపగలదని వ్రాయుచున్నాను.

తామస్ మన్రో 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో వర్జీనియా దేశముతో పొగాకు వ్యాపారము చేయు వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమువలన ఆ వ్యాపారము కూలిపోగా కుటుంబము చితికిపోయెను. బాల్యమున తట్టు సోకి మన్రోకు వినికిడి కొంత మందగించెను. వేలాది రైతుల మొరలను వినుటయే ముందుముందు జీవితకార్యము కానున్నవానికి దైవము చెవి నొకింత తగ్గించి పంపుట చిత్రము. 1780 జనవరిలో ఈస్టిండియా కంపెనీ సైన్యమున కేడెట్టుగా ఆయన మద్రాసు చేరెను. హైదరాలీతో జరిగిన యుద్ధములో పాల్గొనెను. హిందూస్థానీ, పారసీ భాషలు నేర్చెను. పండ్రెండేండ్లు ఆయన కేవలము సైనికుడు.

1792లో టిప్పు సుల్తాను ఓడి బారామహలు ప్రాంతమును కంపెనీకి విడువగా, దానిని పాలించుటకు గవర్నరు జనరలు కారన్ వాలీసు మద్రాసు సివిలు ఉద్యోగులను కాక సైనికోద్యోగి యగు కెప్టెన్ అలెగ్జాండరు రీడును నియమించెను. దీనికి గల కారణము గమనింపదగినది. మద్రాసు సివిలు ఉద్యోగులలో దేశభాషలు తెలిసినవారు లేకపోయిరి. భాష తెలియని దొర చుట్టును దుబాసి చేరును. దుబాసి చెప్పినదే దొర వినును. దుబాసి కోరినదే ఆజ్ఞయై వెలువడును. తప్పెవరిదని అడిగినచో దొర తన సంతకమును చూపును, దుబాసి దొరను చూపును. ఇట్టి కచేరిలో జవాబుదారి ఎవ్వడును ఉండడు. రీడునకు సహాయకుడుగా మన్రో అచ్చట ఏడేండ్లు పనిచేసి, గ్రామ గ్రామము తిరిగి, కరణము లెక్కను, రైతు మాటను ఎదురెదురుగా నిలిపి చూచుట నేర్చుకొనెను. ఉద్యోగికి చాలిన జీతమీయని ప్రభుత్వము దొంగతనమునకు తానే తలుపు తెరచుచున్నదను అభిప్రాయము కూడ ఆయనకు ఈ కాలముననే స్థిరపడెను. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిదప ఆయనను కన్నడ జిల్లాకు పంపిరి. ఆ వానల దేశము ఆయనకు నచ్చలేదు. ఏడాది తిరిగిన వెంటనే మఱొక పిలుపు వచ్చెను.

1800లో నిజాము తన రక్షణకై ఉంచుకొన్న ఇంగ్లీషు సేనల ఖర్చుక్రింద బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతములను, కర్నూలు సీమలోని కొన్ని తాలూకాలను కంపెనీకి ధారపోసెను. వీనికి దత్తమండలములని పేరు వచ్చెను. రాయలసీమ యను గౌరవనామము 1928లో గాని వాడుకలోనికి రాలేదు. ముప్పదితొమ్మిదేండ్ల మన్రో దీనికి ప్రధాన కలెక్టరుగా వచ్చెను. అప్పటి స్థితి దయనీయము. ఎనుబదిమంది దాక పాళెగాండ్రు కోటలు కట్టుకొని యుండిరి. ఒక్కొక్క పల్లెయు గోడలు కట్టుకొని, ఊరిపెద్ద చేత కత్తి పట్టి నిలుచుచుండెను. నిజాము ఆమిళ్ళు ఇజారా పద్ధతిని సీమను వేలము పాడి, పెట్టిన సొమ్మునకు రెట్టింపు రాబట్టుకొనుటయే ఉద్యోగధర్మముగా నెంచిరి. ఒకే పన్నును ఆమిలు ఒకసారి, పాళెగాడు ఒకసారి గుంజుకొనుట సాధారణము.

మన్రో ఈ సీమలో ఏడేండ్లు ఉండెను. అందు పెక్కుకాలము డేరాలలోనే గడచెను. కావలి సైనికులను వెంటబెట్టుకొనక పల్లెనుండి పల్లెకు పోవుచు, చెట్టుక్రింద డేరా వేసి, వచ్చినవారినెల్ల పలుకరించెడివాడు. తెల్లవారకముందే రైతులు గుంపులు గుంపులుగా డేరా చుట్టు చేరెడివారు. ఇందు దయాగుణమొకటే కాదు, ఒక ఉపాయము కూడ కలదు. కచేరి భవనములోనికి రైతు పోవలెనన్న బంట్రోతును, గుమాస్తాను, శిరస్తాదారును దాటవలెను. ఒక్కొక్క గడపకును ఒక్కొక్క మామూలు. కచేరియే రైతు చేనిగట్టునకు వచ్చినప్పుడు ఆ గడపలు లేవు. అమల్దారు ఎంత వసూలు చేసెనో, ఎంత లెక్కలో చూపెనో అమల్దారు ఎదుటనే రైతు చెప్పగలడు. మొర పెట్టుకొన్నవానిపై తరువాత పగ తీర్చుకొనుట కూడ కష్టము. ఏలయన దొర మఱల ఆ దారిని వచ్చునని అందఱును ఎఱుగుదురు.

1802లో ఆరంభమైన భూముల కొలత ఆయన పద్ధతికి ఉత్తమోదాహరణము. ముప్పదిమూడడుగుల గొలుసుతో ప్రతి చేనును కొలిపించెను. ఆ గొలుసు చదరము ఒక గుంట. నలువది గుంటలు ఒక ఎకరము. మొదట కొలతగాండ్రు కొద్దిమందియే కాగా, నేర్పినకొలది వారి సంఖ్య నూటిదాక పెరిగెను. కొలతగాడు ధనికుని చేను తగ్గించి, పేదవాని చేను పెంచి వ్రాయుట కెంత అవకాశమున్నదో మన్రోకు తెలియును. అందువలన కొలిచినవానిపై మఱొకడు. ఈ తనిఖీదార్లు కొలిచిన భూములలో కొంత భాగమును తిరిగి కొలిచెడివారు. తేడా నియమితమైన హద్దును మించెనా, మొదటివానికి ఉద్యోగము ఊడెడిది. పన్ను నిర్ణయించునప్పుడు రెడ్లు, కరణములు, రైతులు కూడిన సభలో భూమి తరగతులు చర్చింపబడెడివి. గుమాస్తా గదిలో మూల కూర్చుండి వ్రాసిన లెక్కకంటె ఊరందఱి కన్నుల యెదుట వ్రాసిన లెక్కలో దొంగతనము తక్కువయని ఆయన విశ్వాసము. ఆ పిదప ప్రతి రైతునకు తన పేర పట్టా. తాను ఎంత ఈయవలెనో రైతునకు తెలిసిననాడు అమల్దారు అదనముగా అడుగుటకు జంకును. రైత్వారీ పద్ధతిని గూర్చి పెద్ద పెద్ద గ్రంథములు వ్రాయబడినవి గాని, దాని ఆయువుపట్టు ఈ చిన్న కాగితమేయని నా అభిప్రాయము.

గ్రామఖర్చుల పేర జరుగు దోపిడి వేఱొకటి. అధికారి వచ్చినప్పుడు గడ్డి, కట్టెలు, పాలు, కోళ్ళు ఊరివారు సమకూర్పవలెను. వెల అడిగినవాడు దోషి. పైగా ఆ ఖర్చు పది రూకలైన నలువది రూకలని వ్రాసి మిగిలినది రెడ్డి, కరణము, అమల్దారు పంచుకొందురు. మన్రో దీనిని విడువక తఱచి చూచెను. పూర్తిగా మాన్పింపగలిగెనని చెప్పుట అతిశయోక్తి యగును.

ఈ మహనీయుని గూర్చి పొగడ్తలే వ్రాయుట న్యాయము కాదు. దత్తమండలముల శిస్తు ఆయన కాలమున పది లక్షల వరహాలనుండి పదునైదు లక్షల వరహాల దాక పెరిగెను. ఆ భారము మోసినది రైతే. పాళెగాండ్రను ఆయన అణచిన విధము కూడ కఠినమైనది. కొందఱి కోటలు కూలద్రోసి, కొందఱిని సీమ దాటించెను. లండనులోని కంపెనీ డైరెక్టర్లు ఈ కాఠిన్యమును ఆక్షేపించి జాబు వ్రాసిరి. అప్పుడు మన్రో తానెందులకు అట్లు చేసెనో దీర్ఘముగా సంజాయిషీ వ్రాసికొనవలసి వచ్చెను. ఆయన వాదము మనకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును. అమల్దారుచేత జవాబు చెప్పించిన వానిచేత జవాబు చెప్పించువారు కూడ నుండిరి. అయితే వారు సముద్రము కావల నుండిరి, పాళెగాండ్రు అప్పటికే పోయిరి.

1807లో సెలవుపై స్వదేశమునకు పోవుటకు ముందు మన్రో ప్రభుత్వమునకు ఒక నివేదిక సమర్పించెను. తాను విధించిన పన్ను రైత్వారీ పద్ధతి స్థిరపడుటకు మించినదనియు, దానిలో నూటికి 25 వంతులు తగ్గింపవలెననియు అందు కోరెను. తాను కట్టిన లెక్కను తానే అధికమని వ్రాయుట ఉద్యోగులలో అరుదైన గుణము. ప్రభుత్వము వినలేదు. పైగా రైత్వారీనే రద్దుచేసి గ్రామములను గుత్తకిచ్చెను. గుత్తదార్లు చితికిరి, రైతులు ఊళ్ళు విడిచిరి. 1820లో ఆయనయే గవర్నరుగా వచ్చిన పిమ్మట గాని ఆ తగ్గింపు అమలు కాలేదు. నడుమ గడచిన పదమూడేండ్లకు ఏ అధికారియు ఏ రైతునకును జవాబు చెప్పలేదు.

1814లో జేన్ క్యాంబెలును వివాహమాడి, న్యాయవ్యవస్థ సంస్కరణకై ఏర్పడిన కమీషను అధ్యక్షుడుగా మన్రో మద్రాసునకు తిరిగి వచ్చెను. ఆ కాలముననే కోయంబత్తూరు వ్యవహారము ఆయన చేతికి వచ్చెను. అచ్చట చిరకాలము కలెక్టరుగా నుండిన విలియం గారో కచేరిలో అధికారమంతయు ఖజానాదారుడగు కాశి చెట్టి అనువాని చేతిలో చిక్కుకొనియుండెను. ప్రభుత్వపు సొమ్ము, రైతుల సొమ్ము రెండును పెద్దయెత్తున అపహరింపబడెను. రైతు ఎవ్వరికి మొరపెట్టుకొన్నను ఆ మొర తిరిగి తిరిగి చెట్టి మనుష్యుల చేతికే చేరును. మన్రోయు, జాన్ సలివనును 1815, 1816 సంవత్సరములలో విచారణ జరిపిరి. తరువాత ఆ జిల్లాకు కలెక్టరై, నీలగిరిపై ఉదకమండలమును నెలకొల్పినవాడు ఈ సలివనే.

ఇట్టి విచారణలు సాధారణముగా ఎట్లు ముగియునో మనకు తెలియును. క్రింది గుమాస్తా ఒకడు దొరకును; వానికి శిక్ష పడును; పై అధికారి మోసపోయినవాడుగా జాలికి పాత్రుడగును. మన్రో ఆలోచన అంతటితో ఆగలేదు. కచేరిలోని నడవడి పైనుండి క్రిందికి ప్రవహించునని ఆయన గ్రహించెను. కలెక్టరు ఒక్కని చేతిలో సర్వమును పెట్టి తాను కన్ను మూసికొన్న నాడే మిగిలినవారికి అనుమతి దొరకినది. పదిమంది సేవకులను సమముగా చూచుచు, ఎవ్వనిని ప్రత్యేకముగా అభిమానింపక, ప్రజలకు తనదగ్గరకు వచ్చు దారిని తెరచియుంచుట కలెక్టరు విధి. దేశీయోద్యోగులు స్వభావముచేతనే లంచగొండులను మాటను ఇంగ్లీషు దొరలు పెక్కుమంది నమ్మిరి. మన్రో దానిని త్రోసిపుచ్చెను. పూర్వము కంపెనీ దొరలును లంచములు తినినవారే కదా! కారన్ వాలీసు వారి జీతములు పెంచి, సొంత వ్యాపారములు మాన్పించి వారిని దారికి తెచ్చెను. ఆ మందే దేశీయులకు ఈయక రోగమును మాత్రము నిందించుట ఏపాటి న్యాయము?

1820 జూన్ 10వ తేదీన మన్రో మద్రాసు గవర్నరుగా ప్రమాణము చేసెను. ఉపాధ్యాయవృత్తిలో నున్నవాడను కావున ఒక్క మాట చెప్పి ముందునకు సాగెదను. 1822లో ఆయన రాజధానిలోని వీథిబడులన్నిటి లెక్క తీయించెను. 12,498 బడులు ఉన్నట్లు తేలెను. మన పూర్వులకు చదువే లేదనువారు ఆ లెక్కను చూడవలెను.

ఆ 1822వ సంవత్సరముననే మన కథకు ముఖ్యమైన శాసనము ఒకటి వెలువడెను. అది 9వ రెగ్యులేషను. రెవెన్యూ ఉద్యోగులు లంచము తినినను, బలవంతముగా వసూలు చేసినను, సర్కారు సొమ్ము మ్రింగినను కలెక్టరు తానే విచారించి, జరిమానా, ఖైదు విధించి, ఆ సొమ్మును రాబట్టుటకు అది అధికారమిచ్చెను. అంతకు పూర్వము అట్టి నేరమునకు జిల్లా కోర్టుకు పోవలెను. కోర్టు దూరము, ఖర్చు అధికము, సాక్షులు పనులు మానుకొని పడిగాపులు పడవలెను, నాలుగు రూకలు పోయిన రైతు నలువది రూకలు వెచ్చించి న్యాయము కొనడు. మన్రో న్యాయమును రైతునకు దగ్గర చేయగోరెను. 1816లో గ్రామమునసబులు, పంచాయతీలు, జిల్లా మునసబులు ఏర్పడిన రెగ్యులేషనులకును ఈ కోరికయే మూలము.

1824 డిసెంబరు 31వ తేదీన ఆయన వ్రాసిన దీర్ఘమైన మినిట్ మఱియు ప్రసిద్ధము. దేశపాలనలో పెద్ద పదవులన్నిటినుండి దేశీయులను తొలగించి, అల్పజీతములకు అల్పోద్యోగములలో ఉంచి, పైపెచ్చు వారియందు సత్ప్రవర్తన లేదని నిందించుట విపరీతమని అందు వాదించెను. బాధ్యత అప్పగింపనిదే బాధ్యత నేర్వడు. నమ్మకము చూపనిదే నమ్మదగినవాడు కాడు. గౌరవమునకు ఆశలేనివానికి అపకీర్తి భయమును ఉండదు. నూరేండ్లు గడచిన పిమ్మట మన జాతీయనాయకులు వినిపించిన వాదమును ఒక గవర్నరు ఆనాడే వ్రాసియుంచుట ఆశ్చర్యకరము. ఆయన మాటను ఆనాటి ప్రభువులు మెచ్చుకొనిరి; చాలవరకు అమలుపఱపలేదు.

ఇచ్చటనే ఆయన పద్ధతిలోని లోపమును కూడ చెప్పవలెను. 1816లో పోలీసు అధికారమును, మేజిస్ట్రేటు అధికారమును మన్రో కలెక్టరు చేతికి చేర్చెను. పన్ను వసూలు చేయు తహశీల్దారే పోలీసు అధికారియు ఆయెను. తనవలె చెట్టుక్రింద కూర్చుండి వినువాడు పైన ఉన్నంతకాలము ఇది రైతునకు మేలే. అట్టివాడు లేనినాడు? కొట్టినవాడును, కొట్టితివా యని విచారించువాడును ఒకే కచేరివారు. 9వ రెగ్యులేషను ప్రకారము శిరస్తాదారుపై ఫిర్యాదు వినవలసిన కలెక్టరు, ఆ శిరస్తాదారు చదివి వినిపించిన కాగితములపైననే ఆధారపడును. ఎంత గట్టి తాళమైనను తాళపుచెవి దొంగకడ నున్నచో ఏమి లాభము?

ఫలితము 1855లో బయటపడెను. పన్నుల వసూలులో ప్రజలను హింసించుచున్నారని బ్రిటిషు పార్లమెంటులో కోలాహలము చెలరేగగా, మద్రాసు ప్రభుత్వము ముగ్గురు కమీషనర్లను నియమించెను. ఎలియట్, స్టోక్సు, నార్టన్ అనువారు వారు. తమ బాధలు చెప్పుకొనుటకు జనులు కాలినడకను దూరప్రాంతములనుండి మద్రాసునకు వచ్చిరి. వ్రేళ్ళను కఱ్ఱల నడుమ బిగించి నొక్కు కిట్టి, మెడను కాళ్ళకు వంచి కట్టి ఎండలో నిలుపుట మున్నగు హింసలు శిస్తు బాకీకై జరుగుచున్నట్లు కమీషనర్లు నిర్ధారించిరి. తప్పంతయు క్రింది ఉద్యోగులదని, దొరలకు దీనితో సంబంధము లేదని వ్రాసిరి. కోయంబత్తూరులో మన్రో చూచిన చూపు వీరికి లేకపోయెను. దొరల కన్ను కప్పి రాజధాని యంతట ఇంత జరిగెనన్నచో, ఆ దొరలు ఏమి చూచుచుండిరని అడుగవలసియుండెను. ఏమైనను, 1859లో ప్రత్యేక పోలీసుశాఖ ఏర్పడి, రెవెన్యూవారి చేతినుండి ఆ లాఠీ తొలగెను. మన్రో ముడివేసినదానిని కాలము విప్పెను.

ఆయన అప్పటికి లేడు. 1827లో పదవి విడిచి స్వదేశమునకు పోవ నిశ్చయించి, తన తరువాతివాడు వచ్చులోగా దత్తమండలములను కడసారి చూడవలెనని బయలుదేరెను. భార్య అంతకుముందే బిడ్డతో ఓడ ఎక్కియుండెను. ఎండలు ముదిరిన కాలము. దారిలో వాంతిభేది వ్యాపించియున్నది. మిత్రులు వలదనిరి. ఇరువదియేండ్ల క్రిందట డేరా వేసిన చెట్లక్రింద ఆయన మఱల డేరా వేసెను. పరివారములో కొందఱు రోగముపాలైరి. జూలై 6వ తేదీ ఉదయము పత్తికొండలో ఆయనకును ఆ వ్యాధి సోకెను. ఆనాటి రాత్రికే కన్ను మూసెను. వయస్సు అరువదియారు.

దేహమును గుత్తికి కొనిపోయి ఖననము చేసిరి. 1831లో అస్థులను మద్రాసు కోటలోని సెయింటు మేరీ చర్చికి తరలించిరి. మద్రాసులో నెలకొల్పిన ఆయన అశ్వారూఢ విగ్రహము ప్రసిద్ధమైనది. శిల్పి రికాబులు చెక్కలేదని చూడవచ్చినవారు నేటికిని ముచ్చటించుకొందురు. గుత్తిలో ఆయన పేర సత్రము కట్టించిరి. పత్తికొండలో ఆయన ప్రాణము విడిచిన తావున తోపు నాటించి, మెట్లబావి త్రవ్వించిరి. బాటసారులు ఆ తోపు నీడను నిలిచి, బావి దిగి నీళ్ళు త్రాగి పోయెడివారు.